పాత టాబ్ నుంచి కొత్త టాబ్‌కు: ఏదీ పోగొట్టుకోకుండా మార్చుకునే పద్ధతి

2020, 2021 సంవత్సరాల్లో పిల్లల ఆన్‌లైన్ తరగతుల కోసం కొన్న టాబ్‌లు బెంగళూరులోని తెలుగువారి ఇళ్ళలో ఇప్పటికీ చాలా కనిపిస్తాయి. పిల్లలకు ల్యాప్‌టాప్‌లు వచ్చాక అవి అమ్మ చేతికో, నాన్నగారి చేతికో వెళ్ళాయి. మదనపల్లె నుంచో, అనంతపురం నుంచో వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవారికి అవే ఫోటోల పెట్టె, పాటల పెట్టె, లెక్కల పుస్తకం అయ్యాయి. ఇప్పుడు వాటికి కొత్త అప్‌డేట్‌లు ఆగిపోయాయి, బ్యాటరీ ఒక పూటైనా నిలవడం లేదు. కొత్తది కొనడం గంటలో అయిపోయే పని. పాతదానిలో ఉన్నదంతా కొత్తదానిలోకి చేర్చడానికి మాత్రం ఒక ఆదివారాన్ని పూర్తిగా కేటాయించుకోండి.

మా నాన్నగారి టాబ్ విషయంలో నేను ఆ ఒక్క రోజు కేటాయించలేదు. పాతది ఇస్తే ధర తగ్గుతుందన్న ఎక్స్ఛేంజ్ పద్ధతిలో కొత్తది తెప్పించాను. డబ్బా తెచ్చిన అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడి ఉండగానే పాతదాన్ని రీసెట్ చేసి, అంటే లోపలిదంతా చెరిపి, అతని చేతిలో పెట్టాను. ఫోటోలు, కాంటాక్టులు గూగుల్ ఖాతాలో ఉన్నాయని ముందు రాత్రే చూసుకున్నాను, అవి వచ్చాయి కూడా. కానీ నాన్నగారు స్టైలస్‌తో నోట్స్ యాప్‌లో రాసుకున్న మూడేళ్ళ కౌలు లెక్కలు, మా ఇంటి వంశవృక్షం ఆ టాబ్‌లో తప్ప మరెక్కడా లేవు. ఆ యాప్‌లో సింక్ (రాసినది ఆన్‌లైన్ ఖాతాలోకి తనంతట తాను చేరే ఏర్పాటు) ఎప్పుడూ ఆన్ చేయలేదని తెలిసేసరికి టాబ్ మా చేయి దాటిపోయింది. వంశవృక్షాన్ని ఆయన జ్ఞాపకం తెచ్చుకుని మళ్ళీ రాశారు గానీ, పై తరంలో ఇద్దరి పేర్లు ఆయనకు ఇప్పటికీ గుర్తుకు రాలేదు. అందుకే ఇక్కడ టాబ్ తనంతట తాను మోసుకెళ్ళే వాటికన్నా, అది వదిలేసే వాటి గురించే ఎక్కువ చెబుతాను.

మొదటి సలహా కూడా దాని నుంచే వస్తుంది. పాతదాన్ని గుమ్మంలోనే ఇచ్చేయవలసిన ఎక్స్ఛేంజ్‌ను, లోపల ఉన్నదంతా ముందే వేరే చోట భద్రపరచి సరిచూసుకుంటే తప్ప ఎంచుకోకండి. రెండు టాబ్‌లూ కొన్ని వారాల పాటు ఒకే ఇంట్లో ఉండడం ఈ పనికి అన్నిటికన్నా ముఖ్యం.

మొదటి పని: ఏమేమి ఉన్నాయో కాగితం మీద రాయడం

కొత్త టాబ్‌ను ఆన్ చేయకముందే, పాత టాబ్‌ను వాడేవారిని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం, పెన్ను తీసుకోండి. తెర మీద ఉన్న యాప్‌లను ఒక్కొక్కటిగా తెరుస్తూ, "అమ్మా, ఇందులో దాచుకున్నది ఏమైనా ఉందా?" అని అడగండి. వాడేవారికి తప్ప ఇంట్లో మరెవరికీ తెలియనివి ఈ ప్రశ్నతోనే బయటపడతాయి. మా అమ్మ టాబ్‌కు ఈ పని చేసినప్పుడు వాయిస్ రికార్డర్‌లో 63 రికార్డింగులు కనిపించాయి. పేర్లన్నీ వాయిస్ 1, వాయిస్ 2 అంటూ వరుస సంఖ్యలే. 14వ దాన్ని నొక్కితే మా పెద్దమ్మ ఆవకాయ కొలతలు చెబుతున్న గొంతు వినిపించింది. "ముక్కలు తడి లేకుండా తుడ్చల్ల, కారం ఎంతో ఆవపిండి అంతే" అని ఆమె అంటూ ఉండగా వెనక కుక్కర్ మూడుసార్లు కూసింది. మిగిలినవాటిలో మంగళహారతులు ఉన్నాయి, మా ఊరి గుడి దగ్గర రికార్డు చేసిన కోలాటం పాటలు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఏ ఖాతాలోనూ లేదు.

కాగితాన్ని రెండు భాగాలుగా చేయండి. ఒకవైపు మరో చోట కూడా ఉన్నవి, రెండోవైపు ఈ టాబ్‌లో మాత్రమే ఉన్నవి రాయండి. ఏది ఏ వైపుకు వస్తుందో తేల్చడానికి సెట్టింగ్స్‌లో సింక్ ఆన్‌లో ఉందని చూస్తే సరిపోదు. అదే ఖాతాతో మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో లాగిన్ అయి, ఆ ఫోటో, ఆ నోట్, ఆ ఫైలు అక్కడ తెరుచుకోవడాన్ని కళ్ళారా చూడండి. అక్కడ తెరుచుకోనిదంతా, టాబ్ ఏమి చెప్పినా సరే, రెండోవైపుకే చెందుతుంది.

సాధారణంగా రెండోవైపుకు వచ్చేవి ఇవి. గూగుల్ ఫోటోస్ కెమెరాతో తీసిన ఫోటోలను బ్యాకప్ చేస్తుంది. వాట్సాప్, స్క్రీన్‌షాట్లు, డౌన్‌లోడ్ వంటి ఫోల్డర్లను మాత్రం మీరు విడివిడిగా ఆన్ చేస్తే తప్ప ముట్టుకోదు. ఇంటి దస్తావేజుల ఫోటోలు, పిల్లల మార్కుల పట్టికలు ఎక్కువగా ఆ ఫోల్డర్లలోనే ఉంటాయి. అదే యాప్‌లోని లాక్ చేసిన ఫోల్డర్‌కు వేరుగా బ్యాకప్ ఆన్ చేయకపోయి ఉంటే, యాప్‌ను తొలగించిన క్షణంలోనే అందులోనివి పోతాయి. కాబట్టి వాటిని ముందుగా బయటకు తీయండి. చేతిరాత నోట్స్, రికార్డింగులు, బొమ్మలు గీసే యాప్‌లలోని బొమ్మలు, ఆటల్లో పిల్లలు దాటిన స్థాయిలు కూడా అనుమానించవలసినవే. గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీ స్థలాన్ని జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ పంచుకుంటాయి. అది నిండిపోతే బ్యాకప్ ఆగిపోతుంది. ఎన్ని నెలల క్రితం ఆగిపోయిందో చాలామంది గమనించరు కనుక, చివరి బ్యాకప్ తేదీని తప్పక చూడండి.

ఓటీపీ ఏ నంబరుకు వెళ్తుంది?

కొత్త టాబ్‌లో ఖాతా పెట్టగానే అది మీరేనని నిరూపించమంటుంది. ఇక్కడ ఆగిపోయేవారు ఎక్కువ. బెంగళూరుకు వచ్చాక కర్ణాటక నంబరు తీసుకుని, ఊళ్ళో వాడిన పాత సిమ్‌కు రీఛార్జ్ మానేసినవారి ఖాతాలలో ఇప్పటికీ ఆ పాత నంబరే ఉంటుంది. ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజుల తరువాత టెలికాం సంస్థలు మరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఖాతా ఓటీపీ తెలియని వ్యక్తి ఫోనుకు చేరుతుంది. అందువల్ల పాత టాబ్ ఇంకా లాగిన్‌లో ఉండగానే, గూగుల్ ఖాతా లేదా యాపిల్ ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రికవరీ నంబరును, రికవరీ ఈమెయిల్‌ను ప్రస్తుతం వాడుతున్న వాటికి మార్చండి. పాస్‌వర్డ్ గుర్తులేకపోతే దాన్ని మార్చుకోవడానికి కూడా ఇదే సమయం. ఇంట్లో పెద్దవారి ఖాతాకు అబ్బాయి నంబరో, అమ్మాయి నంబరో రికవరీగా ఇచ్చి ఉంటే, ఆ రోజు వారు ఫోనుకు అందుబాటులో ఉండాలి.

ఆథెంటికేటర్ యాప్‌ల ద్వారా లాగిన్ కోడ్‌లు తీసుకునేవారు అందులోని ఖాతాలను ముందుగా మార్చుకోవాలి. గూగుల్ ఆథెంటికేటర్‌లో ఖాతాలను బదిలీ చేసే ఎంపిక ఉంది. అది చూపించే క్యూఆర్ కోడ్‌ను కొత్తదానితో స్కాన్ చేస్తే చాలు. ఈ ఒక్క యాప్‌ను మరిచిపోయి పాత టాబ్‌ను చెరిపేస్తే, ఆ తరువాత ఒక్కొక్క ఖాతాను తిరిగి సంపాదించడానికి రోజులు పట్టవచ్చు.

చేతితో కాపీ చేయడం

ఈ పని కొత్త టాబ్‌ను సెటప్ చేయడానికి ముందే జరగాలి. మీ రెండోవైపు జాబితాలో ఉన్నవాటన్నిటి కాపీ కంప్యూటర్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో ముందు చేరాలి. అప్పుడు తరువాతి మెట్లలో ఏ పొరపాటు జరిగినా నష్టం ఉండదు.

కేబుల్ విషయంలో ఒక జాగ్రత్త. పాత టాబ్‌లలో కొన్నిటికి మైక్రో యూఎస్‌బీ, కొత్తవాటికి టైప్ సి ఉంటుంది. ఇంట్లో ఉన్న కేబుళ్ళలో కొన్ని ఛార్జింగ్‌కు మాత్రమే పనికివస్తాయి, డేటాను మోయవు. కేబుల్, ఓటీజీ అడాప్టర్ (పెన్‌డ్రైవ్‌ను టాబ్‌కు కలిపే చిన్న ముక్క) కొనవలసి వస్తే బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి, డేటా కేబుల్ అని అడిగి, అక్కడే మీ టాబ్‌కు పెట్టి చూసి తీసుకోండి.

టాబ్‌ను కంప్యూటర్‌కు కలిపి, తాళం తీసి, తెర పై నుంచి కిందికి లాగితే యూఎస్‌బీ గురించిన నోటిఫికేషన్ కనిపిస్తుంది. అందులో ఛార్జింగ్ బదులు ఫైల్ బదిలీని ఎంచుకుంటేనే కంప్యూటర్‌లో ఫోల్డర్లు తెరుచుకుంటాయి. డీసీఐఎం (కెమెరా ఫోటోలు ఉండేది), పిక్చర్స్, డౌన్‌లోడ్, డాక్యుమెంట్స్, మ్యూజిక్, రికార్డింగ్స్ ఫోల్డర్లను పూర్తిగా కాపీ చేయండి. వాట్సాప్ ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్‌లో మీడియా అనే ఫోల్డర్ కింద వాట్సాప్ పేరుతో ఉంటాయి. మరీ పాత టాబ్‌లలో విడిగా వాట్సాప్ ఫోల్డరే ఉంటుంది. ఎట్టి పరిస్థితిలోనూ కట్ చేయకండి, కాపీ మాత్రమే చేయండి. సగంలో కేబుల్ కదిలినా అసలు ఫైలు పాతదానిలో క్షేమంగా ఉండాలి.

కాపీ పూర్తయ్యాక రెండు వైపులా ఫైళ్ళ సంఖ్యను, మొత్తం పరిమాణాన్ని పోల్చండి. 2,846 ఫోటోలు ఉన్న ఫోల్డర్ నుంచి 2,831 మాత్రమే వస్తే, ఆ 15 ఎక్కడ ఆగాయో అప్పుడే వెతకాలి. తరువాత మొదటి ఫైలును, చివరి ఫైలును, మధ్యలో నాలుగైదింటిని తెరిచి చూడండి. కాపీ చేసినప్పుడు ఫైలు మీద కనిపించే తేదీ కొన్నిసార్లు మారుతుంది. కెమెరాతో తీసిన ఫోటో లోపల అసలు తేదీ నిలిచి ఉంటుంది. వాట్సాప్ ఫోటోల లోపల అది ఉండదు గానీ, ఫైలు పేరులోనే సంవత్సరం, నెల, రోజు వరుసగా ఉంటాయి. అందువల్ల వాట్సాప్ ఫోటోల పేర్లను మార్చకండి.

కొన్ని యాప్‌లు తమ ఫైళ్ళను అందరికీ కనిపించే ఫోల్డర్లలో పెట్టవు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక యాప్ సొంత ఫోల్డర్‌లోకి మామూలు ఫైల్ మేనేజర్ చూడలేదు, యాప్‌ను తొలగిస్తే ఆ ఫోల్డర్ కూడా పోతుంది. అటువంటి యాప్‌లలో ఉన్న వస్తువును యాప్ లోపలి నుంచే, షేర్ లేదా ఎక్స్‌పోర్ట్ అనే ఎంపికతో బయటకు పంపాలి. చేతిరాత నోట్స్‌ను యాప్ సొంత రూపంలో ఒకసారి, పీడీఎఫ్‌గా ఒకసారి, రెండు విధాలా దాచండి. కొత్త టాబ్‌లో ఆ యాప్ దొరకకపోయినా పీడీఎఫ్ తెరుచుకుంటుంది. మా అమ్మ రికార్డింగులకు ఒక్కొక్కటి విని, "ఆవకాయ కొలతలు, పెద్దమ్మ" అని తెలుగులోనే పేరు పెట్టడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. ఈ పనిని తరువాత చేద్దామని వాయిదా వేయకండి, ఆ గొంతులను గుర్తుపట్టగలవారు పక్కన ఉన్నప్పుడే చేయండి.

పాత తెలుగు ఫైళ్ళు ఉన్నవారికి ఇంకొక మాట. 'అను' వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన డాక్యుమెంట్లు యూనికోడ్ (అన్ని పరికరాలూ గుర్తించే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేని టాబ్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్ మీద వాటిని పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోండి. మన అక్షరాలను చదవగలిగే స్థితిలో ఉంచుకోవడం కూడా ఈ బదిలీలో భాగమే.

కంప్యూటర్ లేనివారు ఓటీజీ అడాప్టర్‌తో పెన్‌డ్రైవ్‌ను నేరుగా టాబ్‌కు కలపవచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీని మించిన ఒక్క ఫైలు అందులోకి వెళ్ళదు. పెళ్ళి వీడియోలు ఇక్కడే ఆగుతాయి. మెమరీ కార్డును తీసి కొత్తదానిలో పెట్టుకుంటే సరిపోతుందని అనుకునేవారు ఒకటి సరిచూసుకోవాలి. కార్డును పాత టాబ్‌లో అంతర్గత స్టోరేజీగా ఫార్మాట్ చేసి ఉంటే, అది ఆ టాబ్‌లో తప్ప మరే పరికరంలోనూ చదవబడదు. అదే ఓటీజీ అడాప్టర్ మరో విధంగా కూడా పనికివస్తుంది. తెర పగిలి టచ్ పనిచేయని ఆండ్రాయిడ్ టాబ్‌కు దానితో మామూలు మౌస్‌ను కలిపితే, చాలావాటిలో బాణం గుర్తు కనిపించి అన్నీ నొక్కగలుగుతారు.

కొత్త టాబ్‌ను సెటప్ చేయడం

ఇక్కడి నుంచి పని తేలిక. రెండు టాబ్‌లనూ ఛార్జర్లకు కలిపి ఉంచండి. ఏప్రిల్, మే నెలల సాయంత్రపు వానకు బెంగళూరులో కరెంటు పోవడం మామూలే కనుక, వైఫై రౌటర్‌కు యూపీఎస్ లేనివారు పొద్దున్నే మొదలుపెట్టడం మంచిది. ఇంటర్నెట్ మీద ఆధారపడితే పట్టే సమయాన్ని ముందే లెక్కవేసుకోండి: సెకనుకు 40 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం నిలకడగా ఉన్నా, 40 జీబీ అప్‌లోడ్ కావడానికి సుమారు 2 గంటల 15 నిమిషాలు కావాలి. ఫోన్ హాట్‌స్పాట్‌తో రోజువారీ డేటా అంతకు చాలా ముందే అయిపోతుంది.

ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కు మారేవారు, కొత్త టాబ్ మొదటిసారి ఆన్ అయినప్పుడు పాత పరికరం నుంచి యాప్‌లు, డేటా కాపీ చేయాలా అని అడిగే తెర దగ్గర ఆగి అవును అనండి. తొందరలో దాన్ని దాటవేస్తే, చాలా టాబ్‌లలో ఆ తెర మళ్ళీ రావాలంటే కొత్తదాన్ని రీసెట్ చేయవలసి వస్తుంది. రెండిటినీ కేబుల్‌తో కలిపితే పని వేగంగా, మధ్యలో తెగకుండా జరుగుతుంది. శాంసంగ్ టాబ్ కొన్నవారు స్మార్ట్ స్విచ్ యాప్‌ను వాడుకోవచ్చు. ఎక్కువ సంఖ్య గల ఆండ్రాయిడ్ వెర్షన్ మీద తీసిన బ్యాకప్, తక్కువ వెర్షన్ ఉన్న పరికరంలోకి రాదు. కాబట్టి కొత్తదానికి ముందు అప్‌డేట్‌లు పెట్టండి. గూగుల్ బ్యాకప్ ఒక్కొక్క యాప్‌కు 25 ఎంబీ వరకే డేటాను దాస్తుంది, అది కూడా ఆ యాప్ తయారుచేసినవారు అనుమతిస్తేనే. యాప్ గుర్తు కొత్త తెర మీద కనిపించినంత మాత్రాన లోపలి సరుకు వచ్చిందని అనుకోకూడదు.

ఐప్యాడ్ నుంచి ఐప్యాడ్‌కు మారేవారు రెండిటిలో బ్లూటూత్ ఆన్ చేసి పక్కపక్కన పెడితే క్విక్ స్టార్ట్ మొదలవుతుంది. కొత్తదాని తెర మీద కదిలే చుక్కల బొమ్మను పాతదాని కెమెరాతో చూపించి, నేరుగా బదిలీ చేసే ఎంపికను తీసుకోండి. యాపిల్ ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్‌లో ఉచితంగా ఉండేది 5 జీబీ మాత్రమే. అయితే కొత్త ఐప్యాడ్‌కు మారుతున్నప్పుడు బ్యాకప్ కోసం మూడు వారాల వరకు తాత్కాలికంగా అదనపు స్థలం ఇస్తారు, సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఉన్న బదిలీ లేదా రీసెట్ భాగంలో దాన్ని అడగవచ్చు. కంప్యూటర్‌లో బ్యాకప్ తీసేవారు ఎన్‌క్రిప్ట్ చేసే (పాస్‌వర్డ్‌తో తాళం వేసే) గడిని తప్పక టిక్ చేయండి, లేకపోతే దాచుకున్న పాస్‌వర్డ్‌లు అందులో ఉండవు.

వాట్సాప్, బ్యాంకు యాప్‌లు

టాబ్‌లోని వాట్సాప్ మీ ఫోన్‌కు జతచేసినదే అయితే, కొత్త టాబ్‌ను ఫోన్ నుంచి మళ్ళీ జతచేస్తే చాలు. టాబ్‌లోనే సొంత నంబరుతో వాడుతుంటే, రెండిటినీ ఒకే వైఫైలో ఉంచి, సెట్టింగ్స్‌లో చాట్స్ కింద ఉన్న చాట్ బదిలీ ఎంపికతో క్యూఆర్ కోడ్ ద్వారా మార్చుకోండి. రెండూ ఆండ్రాయిడ్ అయితే గూగుల్ డ్రైవ్ అవసరం లేకుండానే పని జరుగుతుంది.

బ్యాంకు యాప్‌లు భద్రత కోసమే డేటాను మోసుకురావు, మళ్ళీ నమోదు చేసుకోవాలి. యూపీఐ మీ సిమ్‌తో ముడిపడి ఉంటుంది కనుక సిమ్ లేని టాబ్‌లో దానికోసం ప్రయత్నించకండి. డిజీలాకర్‌లోని పత్రాలు ఖాతాలోనే ఉంటాయి, లాగిన్ అయితే వస్తాయి. సినిమాల యాప్‌లలో డౌన్‌లోడ్ చేసుకున్నవి కొత్తదానిలో మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవలసినవే.

కొన్ని వారాలు రెండూ ఉంచండి

బదిలీ అయిన రోజు పాతదాన్ని చెరిపేయకండి. కనీసం నెల రోజులు దాన్ని వైఫై ఆపి, బీరువాలో పెట్టండి. వారానికొకసారి తీసి కాస్త ఛార్జ్ చేయండి. వాడేవారు కొత్తదానితో రోజులు గడిపే కొద్దీ, "నా కరెంటు బిల్లుల ఫోటోలు ఏవి?" వంటి ప్రశ్నలు ఒక్కొక్కటిగా వస్తాయి. వచ్చిన ప్రతిసారీ మొదటి రోజు కాగితం తీసి, పాతదానిలో వెతికి, చేర్చి, కొట్టేయండి. మా ఇంట్లో అటువంటి చివరి ప్రశ్న 19వ రోజున వచ్చింది. క్లౌడ్ బ్యాకప్ ఉంది కదా అన్న ధైర్యంతో నెలల తరబడి ఆలస్యం చేయడం కూడా సరికాదు. పరికరాన్ని 57 రోజులు వాడకపోతే దాని బ్యాకప్‌ను గూగుల్ తనంతట తానే తీసేయవచ్చు; ఐక్లౌడ్ బ్యాకప్‌ను వాడడం ఆపితే చివరి బ్యాకప్ 180 రోజుల పాటు ఉంటుంది. మీరు కంప్యూటర్‌లో పెట్టుకున్న కాపీకి ఇటువంటి గడువు లేదు.

పాతదాన్ని చెరపడం

ముందు సిమ్‌ను, మెమరీ కార్డును తీసేయండి. కార్డును చాలామంది మరిచిపోతారు, ఫ్యాక్టరీ రీసెట్ దాన్ని చెరపకపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో తెర తాళాన్ని తొలగించి, సెట్టింగ్స్‌లోని ఖాతాల జాబితా నుంచి గూగుల్ ఖాతాను తీసేసి, ఆ తరువాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఈ క్రమం తప్పితే, ఆండ్రాయిడ్ 5.1 నుంచి వచ్చిన దొంగతన రక్షణ కారణంగా టాబ్ తీసుకున్నవారిని మీ గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడగవచ్చు, అప్పుడు అది లేకుండా వారికి తెరుచుకోదు. ఐప్యాడ్‌లో జనరల్ కింద ఉన్న బదిలీ లేదా రీసెట్ భాగంలో మొత్తం చెరిపే ఎంపిక ఉంది. అది అడిగినప్పుడు యాపిల్ పాస్‌వర్డ్ ఇస్తే యాక్టివేషన్ లాక్ (ఐప్యాడ్‌ను మీ ఖాతాకు కట్టిపడేసే తాళం) కూడా తొలగిపోతుంది. రీసెట్ తరువాత ఒకసారి ఆన్ చేసి, స్వాగతం చెప్పే మొదటి తెర వస్తోందని, పాత ఖాతా అడగడం లేదని చూడండి. చివరగా మీ ఖాతాలోని పరికరాల జాబితా నుంచి ఆ టాబ్ పేరును తొలగించండి.

పనిచేసే టాబ్‌ను పనిమనిషి పిల్లలకో, ఊళ్ళో బంధువులకో ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు సరిపోయే ఛార్జర్‌ను కూడా ఇవ్వండి. వెనక పలక ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం దాన్ని ఛార్జ్ చేయకండి, ఎవరికీ ఇవ్వకండి, చెత్తబుట్టలో వేయకండి. ఉబ్బిన లిథియం బ్యాటరీ నొక్కుకుంటే మంట పుట్టవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం అనుమతి పొందిన రీసైక్లర్లకే అటువంటివి చేరాలి. కర్ణాటక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారికి ఫోన్ చేసి, బ్యాటరీ ఉబ్బి ఉందని ముందే చెప్పి అప్పగించండి.